ఫలితం మూడు వారాలకు తేలితే? ఏజెంట్లకు ఆ కబురు చేర్చే నాలుగు టూల్స్‌పై రివ్యూ

కస్టమర్ల సమస్యలు చూసే ఏఐ సపోర్ట్ ఏజెంట్ ఒక టికెట్ (ఫిర్యాదు రికార్డు) మూసేస్తుంది. ఆ పూటకు అది విజయమే. అయిదో రోజున అదే టికెట్ మళ్లీ తెరుచుకుంటుంది. కోడ్ రాసే ఏజెంట్ పంపిన మార్పు ఇవాళ మెర్జ్ అవుతుంది (అసలు కోడ్‌లో కలుస్తుంది), పది రోజులకు రివర్ట్ అవుతుంది (దాన్ని వెనక్కి తీసేస్తారు). సేల్స్ ఏజెంట్ పంపిన మెయిల్‌కు జవాబు రెండు వారాల తర్వాత వస్తుంది, లేదా అసలు రాదు. ఏజెంట్‌కు పనికొచ్చే పాఠం ఈ రెండో కబురులోనే ఉంటుంది. అది వచ్చేసరికి ఆ పని చేసిన ప్రాసెస్ ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. ప్రాంప్ట్ మారి ఉంటుంది, ఒక్కోసారి మోడల్ కూడా మారి ఉంటుంది.

ఆ కబురును పాత పనికి ముడిపెట్టే సౌకర్యం ల్యాంగ్‌స్మిత్, ల్యాంగ్‌ఫ్యూజ్, టెన్సార్‌జీరో, అజూర్ పర్సనలైజర్‌లలో ఉంది. ఈ రివ్యూ ఆ ఒక్క సౌకర్యం గురించే. డ్యాష్‌బోర్డుల అందచందాలు, ప్రాంప్ట్ మేనేజ్‌మెంట్, ధరలు పక్కన పెట్టాం. స్కోరు, అంటే ఫలితానికి వేసే మార్కు, పంపే ఏపీఐ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) నాలుగింటిలోనూ ఉంది, నాలుగింటిలోనూ కొద్ది లైన్ల కోడే, కాబట్టి అక్కడ తేడా వెతకడం దండగ. ఫలితం రాని రోజుల్లో టూల్ ఏం చేస్తుందన్న దగ్గరే అసలు తేడా. ‘ఇంకా తేలలేదు’ అన్నదాన్ని ‘విఫలమైంది’ అని రాసుకునే టూల్ ఏజెంట్‌కు అబద్ధం నేర్పుతుంది.

అజూర్ పర్సనలైజర్: గడియారం ఉన్నది దీనికొక్కదానికే

కొత్తగా ఎవరూ దీన్ని ఎంచుకోలేరు. 2023 సెప్టెంబర్ 20 నుంచి కొత్త రిసోర్సులు సృష్టించే వీలు లేదు. మూసివేత తేదీగా 2026 అక్టోబర్ 1ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయినా ముందు దీని సంగతే చూడాలి, ఎందుకంటే ఆలస్యాన్ని డిజైన్‌లోనే భాగం చేసుకున్నది ఈ నాలుగింటిలో ఇదొక్కటే.

పనితీరు సూటిగా ఉంటుంది. ర్యాంక్ కాల్‌లో ఒక ఈవెంట్ ఐడీతో పాటు సందర్భం, చేయదగ్గ పనుల జాబితా పంపుతారు. సర్వీస్ ఒక పనిని ఎంచుకుని, ప్రతి పనికీ ఎంపిక సంభావ్యత ఎంతో కూడా చెబుతుంది. తర్వాత అదే ఈవెంట్ ఐడీతో రివార్డ్ కాల్ వెళ్లాలి. విలువ మామూలుగా 0 నుంచి 1 మధ్య ఉంటుంది. రివార్డ్ వెయిట్ టైమ్ అనే గడువు ర్యాంక్ కాల్ జరిగిన క్షణం నుంచే మొదలవుతుంది. ఆలోపు ఏ కబురూ రాకపోతే సర్వీస్ డిఫాల్ట్ రివార్డ్‌ను రాసుకుని దాని నుంచే నేర్చుకుంటుంది. ఆ గడువు గరిష్ఠంగా 2 రోజులు.

రెండు రోజుల తర్వాత మెయిల్‌కు జవాబు వచ్చినా లాభం లేదు, అప్పటికే ఆ మెయిల్ వైఫల్యాల లెక్కలో చేరిపోయి ఉంటుంది. డిఫాల్ట్‌ను 0గా పెడితే ఆలస్యంగా ఫలించే పనులన్నీ చెడ్డవిగా కనిపిస్తాయి. 0.5 పెట్టినా రోగం తగ్గదు. ఎప్పటికీ ఫలించని పనులకూ నెమ్మదిగా ఫలించే పనులకూ తేడా చెరిగిపోతుందంతే.

మెచ్చుకోవాల్సినది ఒకటుంది: వాయిదా వేసిన యాక్టివేషన్. ఎంపిక ముందే చేసి పెట్టుకుని వాడుకరికి తర్వాత చూపించే చోట, యాక్టివేషన్ వాయిదా వేస్తూ ర్యాంక్ కాల్ పంపి, నిజంగా చూపించినప్పుడు యాక్టివేట్ కాల్ పంపవచ్చు. యాక్టివేట్ కాని ఈవెంట్‌ను శిక్షణకు వాడరు. అసలు జరగనే లేని పనికి సున్నా మార్కులు పడే ప్రమాదం దీనితో తప్పుతుంది. మనిషి అనుమతి కోసం ఆగే ఏజెంట్లకు సరిగ్గా ఇదే కావాలి, కానీ మిగతా మూడింటిలో దీనికి సమానమైనది లేదు.

ఒకే ఈవెంట్‌కు రెండు రివార్డులు వస్తే మొదటిదాన్ని ఉంచుకోవాలో, రెంటినీ కూడాలో సెట్టింగ్‌లో ఎంచుకోవాలి. ‘మొదటిది’ అని పెడితే, కొనుగోలు జరిగాక సరుకు వెనక్కి వచ్చిన సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. ‘మొత్తం’ అని పెడితే డూప్లికేట్ వెబ్‌హుక్ (ఏదైనా జరిగినప్పుడు ఒక సిస్టమ్ ఇంకోదానికి తనంతట తాను పంపే కబురు) ఒక అమ్మకాన్ని రెండు చేస్తుంది. ఏదో ఒక తప్పుకు సిద్ధపడాల్సిందే. నిమిషాల్లో, గంటల్లో తేలే ఫలితాలకు ఇది చక్కని పనిముట్టు. వారాల సంగతికి పనికిరాదు. దీని అడుగున ఉన్న వావ్‌పాల్ వ్యాబిట్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ ఓపెన్ సోర్స్ కాబట్టి, ఆ అల్గారిథం కావాలనుకున్నవాళ్లు దాన్ని నేరుగా తీసుకుని సొంత గడువు పెట్టుకోవచ్చు.

ల్యాంగ్‌ఫ్యూజ్: ఐడీల విషయంలో తెలివైనది

ఆలస్యపు ఫలితాల్లో ఎక్కువ భాగం పోయేది ఏపీఐ దగ్గర కాదు, ఐడీ దగ్గర. మూడు వారాల తర్వాత టికెట్ సిస్టమ్ నుంచి వచ్చే వెబ్‌హుక్‌లో టికెట్ నంబరు ఉంటుంది, ట్రేస్ (ఏజెంట్ చేసిన ఒక పని రికార్డు) ఐడీ ఉండదు. రెంటినీ కలిపే పట్టిక ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నడపాలి, అది కాస్తా మొదటి మైగ్రేషన్‌లో గల్లంతవుతుంది.

ల్యాంగ్‌ఫ్యూజ్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. ట్రేస్ ఐడీని ఒక సీడ్ (మనమిచ్చే మూల పదం) నుంచి తయారు చేసుకోవచ్చు. అదే సీడ్ ఇస్తే ఎప్పుడు, ఏ మెషీన్‌లో లెక్కించినా అదే 32 అక్షరాల హెక్స్ ఐడీ వస్తుంది. టికెట్ నంబరునే సీడ్‌గా ఇచ్చి ట్రేస్ మొదలుపెడితే, వెబ్‌హుక్ అందుకునే కోడ్ ఆ నంబరుతో ట్రేస్ ఐడీని మళ్లీ లెక్కించి స్కోరు పంపేస్తుంది. మధ్యలో పట్టిక అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త అవసరం: ఏజెంట్ అదే టికెట్‌ను రెండోసారి పట్టుకుంటే రెండు ప్రయత్నాలూ ఒకే ట్రేస్‌లో కలిసిపోతాయి, ఏ ప్రయత్నం చెడిందో ఇక ఎవరూ చెప్పలేరు. సీడ్‌లో టికెట్ నంబరుతో పాటు ప్రయత్నం సంఖ్య కూడా ఉండాలి. ఆ సంఖ్యను టికెట్‌లోనే ఒక కస్టమ్ ఫీల్డ్‌లో రాసి ఉంచాలి.

స్కోరుకు మనమే ఐడీ ఇవ్వవచ్చు. అదే ఐడీతో మళ్లీ పంపితే కొత్త స్కోరు పుట్టదు, పాతదాని మీదే రాస్తుంది. ట్రేస్ ఐడీకి స్కోరు పేరు జోడించి ఆ ఐడీగా వాడితే డూప్లికేట్ వెబ్‌హుక్‌ల గొడవ అక్కడితో తీరుతుంది. ఈ గొడవ ఊహించి చెబుతున్నది కాదు. వెబ్‌హుక్ పంపే సర్వీసులు దాదాపు అన్నీ ‘కనీసం ఒకసారి’ అనే హామీతోనే పంపుతాయి. స్ట్రైప్‌నే తీసుకుంటే, లైవ్ మోడ్‌లో జవాబు రాని వెబ్‌హుక్‌ను 3 రోజుల దాకా మళ్లీ మళ్లీ పంపుతుంది.

అయితే ఈ ‘మీద రాసే’ పద్ధతి తిరగబడిన ఫలితాల దగ్గర ఎదురు తిరుగుతుంది. ‘కొన్నారు: 1’ అన్న స్కోరు మీద ‘కొన్నారు: 0’ అని రాస్తే, మధ్యలో మూడు వారాలు అది 1గా ఉన్న సంగతి చెరిగిపోతుంది. ఆ మూడు వారాల్లో తీసిన శిక్షణ డేటాలో ఏ తప్పు చేరిందో కనిపెట్టే దారి ఉండదు. అందుకే ఒకే పేరును దిద్దకుండా రెండు వేర్వేరు స్కోరు పేర్లు పెట్టాలి: ఒకటి ‘కొనుగోలు’, ఇంకొకటి ‘వాపసు’. రెంటినీ కలిపి తుది విలువ లెక్కించడం శిక్షణ కోడ్ పని.

అసలు లేని ట్రేస్ ఐడీకి కూడా ల్యాంగ్‌ఫ్యూజ్ స్కోరును తీసుకుంటుంది. ట్రేస్ కంటే స్కోరు ముందు చేరినా తర్వాత కలుపుకోవడానికి ఈ ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. కానీ సీడ్‌లో ఒక అక్షరం తేడా వచ్చినా, ముందొక ఖాళీ చేరినా కాల్ విజయవంతమైందనే జవాబు వస్తుంది. స్కోరు మాత్రం అనాథగా పడి ఉంటుంది. శాంప్లింగ్ (కొన్ని ట్రేసులనే దాచడం) పెట్టుకుని, స్కోరు పంపే కోడ్‌లో అదే సెట్టింగ్ పెట్టనివాళ్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ, ఎందుకంటే వదిలేసిన ట్రేసుల ఫలితాలు కూడా వచ్చి ఇలాగే పడతాయి. వారానికోసారి ట్రేస్ లేని స్కోర్లను లెక్కబెట్టే చిన్న స్క్రిప్ట్ తప్పనిసరి. ఆ లెక్క ఉన్నట్టుండి పెరిగిందంటే ఎవరో సీడ్ తయారు చేసే కోడ్‌ను ముట్టుకున్నారని అర్థం. ఇంకొకటి, స్కోర్లు పంపే చిన్న క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు నడిచే ప్రోగ్రాం) ముగిసేలోపు ఫ్లష్ (ఆగినవన్నీ పంపెయ్యమనే ఆదేశం) పిలవకపోతే బఫర్‌లో ఉన్నవి అలాగే పోతాయి. ఇది డాక్యుమెంటేషన్‌లో ఉన్న విషయమే, అయినా తరచూ జరిగే తప్పు.

టెన్సార్‌జీరో: నేర్పడం కూడా దీని పనే

ల్యాంగ్‌ఫ్యూజ్ రాసి పెడుతుంది, నేర్పే బాధ్యత మనది. టెన్సార్‌జీరో గేట్‌వే కాబట్టి మోడల్ కాల్స్ దాని గుండానే వెళ్తాయి, వాటి ఇన్‌పుట్, అవుట్‌పుట్ డేటాబేస్‌లో నిలుస్తాయి. ఫీడ్‌బ్యాక్ వచ్చాక ఆ మెట్రిక్ (కొలత) ప్రకారం మంచి ఉదాహరణలను వడపోసి ఫైన్‌ట్యూనింగ్‌కు (మోడల్‌కు ఇచ్చే అదనపు శిక్షణకు) పంపే మార్గం అందులోనే ఉంది.

మెట్రిక్‌లను కాన్ఫిగ్ ఫైల్‌లో ముందే ప్రకటించాలి: అవును-కాదు రకమా, సంఖ్యా, ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా, ఒక్క మోడల్ కాల్‌కు వర్తిస్తుందా, మొత్తం ఎపిసోడ్‌కా (ఒక పని కోసం చేసిన కాల్స్ అన్నింటికీ కలిపి). ప్రకటించని పేరుతో పంపితే తిరస్కరిస్తుంది. ఫీడ్‌బ్యాక్ పంపిన ఐడీ నిజంగా ఉందో లేదో కూడా చూస్తుంది. మూడు వారాల తర్వాత తప్పు ఐడీతో వచ్చిన కబురుకు ఎర్రర్ ఇవ్వడమే మర్యాద, మౌనంగా మింగడం కాదు. ఈ ఒక్క విషయంలో మా ఓటు దీనికే.

ఎపిసోడ్ అన్న భావన ఏజెంట్లకు బాగా నప్పుతుంది. రీఫండ్ ఏజెంట్ ఆర్డరు వెతకడానికి, పాలసీ చదవడానికి, జవాబు రాయడానికి ఆరుసార్లు మోడల్‌ను పిలిచిందనుకోండి. కస్టమర్ మళ్లీ ఫిర్యాదు చేస్తే తప్పు ఆ ఆరింటిలో ఎక్కడుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని ఒక కాల్ మీదకు నెట్టకుండా ఎపిసోడ్‌కు రాయడమే నిజాయతీ. తర్వాత ఎవరైనా పరిశీలించి ‘పాలసీ తప్పుగా చదివింది’ అని తేలిస్తే, ఆ కాల్‌కు విడిగా ఇంకో మెట్రిక్ పంపవచ్చు. అంతకంటే విలువైనది డిమాన్‌స్ట్రేషన్ అనే రకం: మరుసటి రోజు మనిషి దిద్ది పంపిన జవాబును యథాతథంగా ఆ కాల్‌కు జతచేయవచ్చు. సున్నా అన్న అంకె తప్పు జరిగిందని మాత్రమే చెబుతుంది, దిద్దిన జవాబు ఒప్పు ఎలా ఉండాలో చూపిస్తుంది.

ఒకే లక్ష్యానికి, ఒకే మెట్రిక్‌కు రెండోసారి ఫీడ్‌బ్యాక్ వస్తే పాతది పోదు. రెండూ నిలుస్తాయి, వాడుకలోకి వచ్చేది తాజాది. తిరగబడే ఫలితాలకు ఇది ల్యాంగ్‌ఫ్యూజ్ పద్ధతి కంటే మేలు. అయితే సమయం దగ్గర మెలిక ఉంది. ఇక్కడి ఐడీలు యూయూఐడీ (ఎక్కడా రెండోసారి రాకుండా తయారయ్యే ఐడీ) ఏడో వెర్షన్, అంటే లోపలే సమయం ఇమిడి ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఐడీలోని సమయం కబురు అందిన సమయమే తప్ప ఘటన జరిగినది కాదు. రాత్రి బ్యాచ్ జాబ్ రెండు రోజులు ఆగిపోతే ఆ కబుర్లన్నీ ఒకే రోజు జరిగినట్టు కనిపిస్తాయి. పైగా వరుస తారుమారై పాత కబురు తర్వాత చేరితే అదే ‘తాజాది’ అయి కూర్చుంటుంది. ఘటన సమయాన్ని ట్యాగ్‌గా పంపాలి, పంపే ముందు ఘటన సమయం ప్రకారం వరుస పేర్చాలి.

వడపోతలో ఇంకో ఉచ్చు ఉంది. ఫీడ్‌బ్యాక్ లేని కాల్స్ మెట్రిక్ ఆధారిత డేటాసెట్‌లోకి రావు. టికెట్ మళ్లీ తెరుచుకోకపోవడమే విజయం అనుకునే చోట, విజయానికి వెబ్‌హుక్ ఉండదు. వైఫల్యాలే వచ్చి చేరతాయి, మంచి ఉదాహరణలు ఒక్కటీ ఉండవు. గడువు ముగిసిన రోజున ‘సరే’ అని మనమే స్పష్టంగా పంపాలి. ఆ జాబ్ రాసుకోకుండా దీన్ని వాడితే ఫైన్‌ట్యూనింగ్‌కు మిగిలేది ఖాళీ ఫైలే.

ల్యాంగ్‌స్మిత్: గడువులు చూసుకుని దిగండి

రన్ (ట్రేస్‌లో ఒక అడుగు) ఐడీ, కీ (ఫీడ్‌బ్యాక్ పేరు), స్కోరు, వ్యాఖ్య, దిద్దుబాటు: ఫీడ్‌బ్యాక్ కాల్‌లో కావలసినవన్నీ ఉన్నాయి. ఫీడ్‌బ్యాక్ ఐడీ మనమే ఇవ్వవచ్చు, తర్వాత దిద్దవచ్చు. ఇబ్బంది ఆ కాల్‌లో లేదు, దాని చుట్టూ ఉన్న గడువుల్లో ఉంది. బేస్ ట్రేసులు 14 రోజులే నిలుస్తాయి, ఎక్స్‌టెండెడ్ ట్రేసులు 400 రోజులు. మూడో వారంలో తేలే ఫలితం వచ్చేసరికి బేస్ ట్రేస్ ఉండదు. ఏం చేస్తే ఆ ఫలితం వచ్చిందో చూడటానికి ఏమీ మిగలదు.

ఫీడ్‌బ్యాక్ చేరగానే బేస్ ట్రేస్ దానంతటదే ఎక్స్‌టెండెడ్‌గా మారుతుంది. దీన్ని ఉపయోగించుకోవచ్చు: పని జరిగిన వెంటనే ‘పెండింగ్’ అన్న కీతో ఒక ఫీడ్‌బ్యాక్ పంపితే, ఆలస్యంగా తేలే ట్రేసులు మాత్రం 400 రోజుల వరుసలో చేరతాయి, మిగతావి 14 రోజులకు వెళ్లిపోతాయి. ఎక్స్‌టెండెడ్ ట్రేసు ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నింటికీ పెట్టకండి.

బయటి సిస్టమ్‌కు ఏపీఐ కీ ఇవ్వకుండా ముందే సంతకం చేసిన లింక్ ఇచ్చే సౌకర్యమూ ఉంది. చక్కని ఆలోచనే, కానీ దాని గడువు డిఫాల్ట్‌గా 3 గంటలు. మెయిల్‌లో పెట్టిన ‘సమస్య తీరిందా?’ లింక్‌ను కస్టమర్ మర్నాడు నొక్కితే అది చచ్చిపోయి ఉంటుంది. గడువును మీరే ఇవ్వాలి.

నాలుగింటిలోనూ లేనిది

పెండింగ్ అన్న స్థితి ఏ టూల్‌లోనూ నిజంగా లేదు. దాన్ని సొంత డేటాబేస్‌లో ఒక పట్టికగా పెట్టుకోక తప్పదు. ల్యాంగ్‌ఫ్యూజ్ సీడ్ ఉపాయంతో ఐడీల పట్టిక తప్పుతుందేమో గానీ ఇది తప్పదు. ఉండాల్సిన నిలువు వరుసలు: ట్రేస్ లేదా ఎపిసోడ్ ఐడీ, పని రకం, ప్రాంప్ట్ వెర్షన్, మోడల్ పేరు, పని సమయం, గడువు తేదీ, స్థితి, ఘటన సమయం, అందిన సమయం, ఎవరు చెప్పారు. ఏజెంట్ కొన్ని దారుల్లోంచి యాదృచ్ఛికంగా ఒకటి ఎంచుకుంటుంటే ఆ ఎంపిక సంభావ్యత కూడా ఆ క్షణంలోనే రాయాలి, తర్వాత లెక్కించడం కుదరదు. స్థితులు నాలుగు చాలు: పెండింగ్, తేలింది, గడువు ముగిసింది, తిరగబడింది. వరుసను పని జరగకముందే రాయాలి. పని అయ్యాక రాస్తే, మధ్యలో ప్రాసెస్ కూలినవన్నీ లెక్కకు రాకుండా పోతాయి. అవే తరచుగా చెడ్డ ఫలితాలు.

ఐడీని వ్యాపార సిస్టమ్‌లోకి కూడా దాటించండి. స్ట్రైప్‌లో అయితే మెటాడేటాలో పెట్టవచ్చు, ఒక్కో విలువకు 500 అక్షరాల వరకు అనుమతి, యూయూఐడీకి కావలసింది 36. కోడ్ ఏజెంట్‌కైతే కమిట్ సందేశం చివర ఒక లైన్. స్క్వాష్ మెర్జ్‌లో (పలు కమిట్లను ఒకటిగా కలిపేటప్పుడు) సందేశాన్ని తిరగరాసే అలవాటు ఉన్న టీముల్లో అది ఎగిరిపోతుంది, అక్కడ పుల్ రిక్వెస్ట్ వివరణలోనూ ఉంచాలి.

గడువు ఎన్ని రోజులన్నది పని రకాన్ని బట్టి పాత రికార్డుల నుంచే తేల్చాలి. గతంలో మళ్లీ తెరుచుకున్న టికెట్లలో నూటికి 95 ఎన్ని రోజుల్లోపు తెరుచుకున్నాయో చూసి అదే పెట్టండి. ఈ గడువు లేకుండా వెర్షన్లను పోల్చితే బొమ్మ తిరగబడుతుంది. మౌనమే విజయమైన చోట నిన్న విడుదలైన ప్రాంప్ట్ నూటికి నూరు తెచ్చుకుంటుంది, ఎందుకంటే ఫిర్యాదులు ఇంకా రాలేదు. మౌనమే వైఫల్యమైన చోట అదే ప్రాంప్ట్ అన్నింటికంటే అధ్వానంగా కనిపిస్తుంది, ఎందుకంటే జవాబులు ఇంకా రాలేదు. రెండు వెర్షన్లనూ ఒకే వయసు దగ్గర పోల్చాలి: పని జరిగిన ఏడో రోజు నాటికి ఇదెంత, ఏడో రోజు నాటికి అదెంత.

ఫలితం చెప్పే అధికారం ఏజెంట్ చేతిలో ఉండకూడదు. టికెట్ సిస్టమ్, చెల్లింపుల సర్వీస్, రిపాజిటరీ చెప్పాలి. ఫీడ్‌బ్యాక్ రాసే కీ ఏజెంట్ నడిచే ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటే అది తన పరీక్ష పేపర్ తానే దిద్దుకున్నట్టే. ల్యాంగ్‌ఫ్యూజ్ పబ్లిక్ కీతో బ్రౌజర్ నుంచి స్కోరు పంపవచ్చు. ఇష్టపడ్డారా లేదా అనే బొటనవేలి గుర్తులకు సరే గానీ, శిక్షణను నడిపే మెట్రిక్‌కు ఆ దారి వాడకండి. వ్యాఖ్యల గడిలో కస్టమర్ మాటలను యథాతథంగా పోయడం కూడా మానాలి. అందులోని ఫోన్ నంబర్లు నేరుగా ఫైన్‌ట్యూనింగ్ ఫైలులోకి నడిచి వెళ్తాయి.

రికార్డు చేయడం వరకే కావాలంటే ల్యాంగ్‌ఫ్యూజ్ తీసుకోండి. ఫైన్‌ట్యూనింగ్ ఉద్దేశం ఉండి, మోడల్ కాల్స్‌ను ఒక గేట్‌వే గుండా పంపడానికి అభ్యంతరం లేకపోతే టెన్సార్‌జీరో. ఇప్పటికే ల్యాంగ్‌స్మిత్‌లో ఉన్నవాళ్లు మారనక్కర్లేదు, 14 రోజుల సంగతి చక్కబెట్టుకుంటే చాలు.

ఏది తీసుకున్నా శిక్షణ డేటాసెట్ తీసిన ప్రతిసారీ రెండు సంగతులు దాచండి: అందులోని ఐడీల జాబితా, ఆ రోజుకు ఒక్కోదాని స్థితి. శిక్షణలోకి ‘తేలింది’, ‘గడువు ముగిసింది’ అన్నవే వెళ్లాలి, పెండింగ్‌వి వద్దు. కార్డు చెల్లింపులపై వివాదం వీసా నిబంధనల ప్రకారం సాధారణంగా 120 రోజుల దాకా రావచ్చు కాబట్టి అలాంటి వరుసలను అన్నాళ్లూ చెరపకూడదు. వందో రోజున ఒకటి తిరగబడితే, ఏ డేటాసెట్‌లో అది మంచి ఉదాహరణగా వెళ్లిందో, ఏ మోడల్ దాన్నుంచి నేర్చుకుందో ఆ జాబితా చూసి చెప్పవచ్చు. ఒకటో రెండో అయితే వచ్చే డేటాసెట్ నుంచి తీసేస్తే సరిపోతుంది. ఒకే పని రకంలో గుంపుగా తిరగబడితే మాత్రం ఆ రకానికి పెట్టిన గడువే చిన్నదని అర్థం. ముందు దాన్ని పెంచి, తర్వాతే మళ్లీ శిక్షణ ఇవ్వాలి.